కనకాంబరం గోడ

ఆ రోజుల్లో నేను రంగులంటే సిగ్గుపడేదాన్ని. రంగుల మీద బతకడానికి హైదరాబాదు వచ్చిన మనిషికి రంగులంటే సిగ్గేమిటని మీరు అడగొచ్చు. మాదాపూర్‌లో ఒక హాస్టళ్ల సందులో, బిర్యానీ పాయింటుకీ జిరాక్సు షాపుకీ మధ్య మేడ మీద, ఫ్లాట్లకు లోపలి అలంకరణ చేసిపెట్టే చిన్న కంపెనీలో అప్పుడే చేరాను. మొదటి రోజు మా అమ్మ కుట్టించిన మిరపపండు రంగు చుడీదారు వేసుకుని వెళ్తే, మా సారు ఎండలోకి చూసినట్టు కళ్లు చికిలించి, "లోపలికి రండి, కానీ కిటికీ పక్కన మాత్రం కూర్చోకండి" అన్నారు. (కిటికీ వెలుతురు నా మీద పడితే ఎదురు గోడ ఎర్రబడుతుందట.) ఆ నెల తిరిగేసరికి నా బట్టలన్నీ నానబెట్టిన అటుకుల రంగులోకీ తడిసిన సిమెంటు రంగులోకీ దిగిపోయాయి. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి, "నువ్వు బట్టలారేసినా తాడు ఖాళీగానే ఉన్నట్టుంటుందే" అని ఏడిపించేది.

మా సారుకు మేం చాటుగా పెట్టుకున్న పేరు ఊపిరి సారు. ఆయన ఒకసారి టూరు కంపెనీ వాళ్లతో కలిసి స్వీడన్ వైపు వెళ్లొచ్చారు. వెళ్లకముందు గట్టిగా మాట్లాడే మనిషేనట, వచ్చాక గొంతు తగ్గిపోయింది. "గోడ ఊపిరి తీసుకోవాలి, కుర్చీ ఊపిరి తీసుకోవాలి" అంటూ ఆఫీసంతా మెల్లగా తిరిగేవారు. "అక్కడ చలికాలంలో సూర్యుడు మొహం చూపించడు. ఉన్న కాస్త వెలుతురునీ పోగేసుకోవడానికి వాళ్లు ఇంటినిండా లేత రంగులు వేసుకుంటారు. ఎంత ప్రశాంతతో!" అని చెబుతుంటే మేమంతా తలలూపేవాళ్లం. కిటికీ బయట మే నెల ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుండేది. మనకెందుకండీ వెలుతురు పోగేసుకోవడం అని ఒక్కరమూ అడగలేదు. అడగడానికి ఏసీ చల్లగా ఉండేది, జీతం కొత్తగా ఉండేది. అయినా అబద్ధమెందుకు, ఆ రంగులు నాకు నిజంగానే నచ్చాయి. హోర్డింగులూ హారన్లూ అద్దాల మేడలూ దాటుకుని ఆ బూడిద గోడల మధ్యకు వస్తే, తలనొప్పికి ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టుండేది.

నా ప్రొబేషన్ ముగింపుకొచ్చేసరికి సారు పిలిచి చెప్పారు. "ఒక్క ఇల్లు చేయండి. గడప నుంచి బాల్కనీ దాకా ఒకే ఊపిరి ఉండాలి. ఫోటోలు మన పేజీలో పెడదాం. ఆ తర్వాత మీ ఉద్యోగం ఖాయం చేసే మాట చూద్దాం." ఇంటికి ఎంచుకున్న రంగుల వరసను ఆయన పాలెట్ అనేవారు. పాలెట్‌లో లేని రంగు ఒక్కటి కనిపించినా ఆ ఫోటో చెత్తబుట్టలోకే.

సరిగ్గా అప్పుడే మా అన్నయ్య నిజాంపేటలో ఫ్లాటు కొన్నాడు. సొంత అన్నయ్య కాదు, మా పెద్దమ్మ కొడుకు. వాడూ వదినా ఇద్దరూ సాఫ్ట్‌వేరే. పొద్దున్న మెట్రోలో నలిగి వెళ్లి సాయంత్రం మెట్రోలో నలిగి వచ్చేవారు. "ఇంటికి రాగానే కళ్లకు ఏమీ తగలకూడదు బుజ్జీ" అంది వదిన. ఆ ఒక్క మాటతో ఆవిడ మా సారుకు తోడబుట్టని చెల్లెలైపోయింది. పాలకొల్లు దగ్గర బడిలో టీచరుగా చేసి రిటైరైన మా పెద్దమ్మను కూడా వాళ్లు తమ దగ్గరకే తెచ్చేసుకుంటున్నారు. ఆవిడ గదికి తూర్పు కిటికీ ఇచ్చారు.

పెద్దమ్మ గురించి చెప్పాలి. అన్నయ్య ఇంకా బడికెళ్లే వయసులో ఉండగానే పెదనాన్న పోయాడు. అప్పటినుంచి ఆవిడ కట్టినవన్నీ వెలిసిన గోధుమ రంగు, బూడిద రంగు, ఉతికి ఉతికి పాలిపోయిన నీలం. రంగు చీరలు కట్టొద్దని ఎవరూ నోరు తెరిచి అనలేదు, కట్టుకోమనీ అనలేదు. పనులు చూడ్డానికి వచ్చిన మా సారు, తన గది చూసుకోవడానికి వచ్చిన ఆవిణ్ణి చూసి నిలబడిపోయారు. "అమ్మగారూ, ఎంత గొప్ప అభిరుచండీ మీది! ఈ రంగులు ఎలా ఎంచుకున్నారు?" అని చేతులు జోడించి అడిగారు. "నేనెక్కడ ఎంచుకున్నాను బాబూ, మా ఆయన పోయాక ఇవే వచ్చాయి" అంది పెద్దమ్మ.

సారు వెళ్లాక పెద్దమ్మ నన్ను తన గదిలోకి పిలిచింది. "నా మంచం వేసే చోటికి ఎదురుగా ఉన్న గోడ ఒక్కటి కనకాంబరం రంగు వేయిస్తావుటే?" అంది, ఎవరైనా వింటారేమోనన్నట్టు తలుపు వైపు చూస్తూ. నేను బిత్తరపోయాను. "ఆ రంగు చీర కట్టుకోవాలని ఉండేది, కట్టుకోలేదు. ఇప్పుడు ఈ వయసులో కట్టుకుంటే నలుగురూ నవ్వుతారు. గోడ కట్టుకుంటే ఎవరేమంటారే?" అంది. సారును అడిగాను. "ఒక్క గోడ అరిస్తే ఇల్లంతటికీ చెవుడొస్తుంది" అన్నారాయన, ఎప్పటిలాగే మెల్లగా. ఆ మాట పెద్దమ్మకు చెప్పలేక, "ఫోటోలు అయిపోనీ పెద్దమ్మా, ఆ తర్వాత తప్పకుండా వేయిస్తాను" అన్నాను. "సరేలే. ముందు నీ ఉద్యోగం" అంది ఆవిడ. మా పెద్దమ్మ 'సరేలే' అంటే ఇక ఆ సంగతి ఎత్తదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

రంగులేసే మేస్త్రీది మహబూబ్‌నగర్ వైపు. హాలంతా రెండు పూతలూ పూర్తిచేసి, చేతులు కడుక్కుని, నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "మేడం, అడుగుపూత ప్రైమర్ అయిపోయింది. ఇగ రంగు ఎప్పుడిస్తరు?" "అదే రంగు మేస్త్రీ." "గిదేనా?" అని గోడను మళ్లీ ఒకసారి తేరిపారా చూశాడు. "మా ఇంట్ల గోడలు గిట్లనే ఉన్నయ్ మేడం. మేమైతే పైసల్లేక ఇడిసిపెట్టినం." నేను ప్రశాంతత గురించి, వెలుతురు గురించి, స్వీడన్ గురించి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "మంచిగనే ఉంటది లే మేడం. జర దుమ్ము పడ్డా తెల్వది" అని నన్నే ఓదార్చి వెళ్లిపోయాడు.

గృహప్రవేశం శ్రావణంలో వచ్చింది. ముహూర్తం తెల్లవారకముందే. సారుతో నాకు కుదిరిన ఒప్పందం ఏమిటంటే, ముహూర్తం మన పద్ధతిలో, పసుపూ కుంకుమా మామిడాకులూ ముగ్గులతో జరిగిపోతుంది. ఆ తర్వాత, భోజనాలకు చుట్టాలు దిగేలోపల, ఫోటోలు సారు పద్ధతిలో. పాలు పొంగాయి, పురోహితుడు వెళ్లిపోయాడు, వంటవాళ్లు కింద సెల్లారులో గాడిపొయ్యి వెలిగించారు, వదినవాళ్ల అమ్మానాన్నా వంట చూడ్డానికి కిందికి దిగారు. అప్పుడు నేను తడిగుడ్డ తీసుకుని గుమ్మం ముందు ముగ్గు తుడిచేశాను. గడప పసుపు కడిగేశాను. తోరణం విప్పి సంచిలో దాచాను. బయట ముసురు పట్టి ఉంది. సారు ఆకాశం చూసి, "అచ్చం అక్కడి వెలుతురే" అని పొంగిపోయారు.

ఇల్లు సిద్ధమైంది. అన్నయ్యకు బూడిద రంగు లాల్చీ, వదినకు ముడి నూలు రంగు చీర. ఇద్దర్నీ నేలకు జానెడెత్తున్న కొయ్య పీటల మీద కూర్చోబెట్టారు. "షెల్ఫు ఖాళీగా ఉంది, ఏదైనా పాత కుటుంబ ఫోటో ఉందా? నలుపు తెలుపు అయితే బాగుంటుంది" అన్నారు సారు. నాకు పెద్దమ్మ పెట్టెలోని ఫోటో గుర్తొచ్చింది. పెళ్లికి ముందు స్టూడియోలో తీయించుకున్నది, జడ ముందుకు వేసుకుని, జడనిండా పూలతో. అడిగితే ఇచ్చింది. "ఆ పూలు కనకాంబరాలేనే. ఫోటోలో చూస్తే ఎవరూ నమ్మరు" అని ఇస్తూ అంది. తెల్లవారుజామునే లేచిన అలసటకు తన గదిలో తలుపేసుకుని పడుకుంది. సారు ఆ ఫోటోను షెల్ఫు మధ్యలో పెట్టి, పక్కన గాజుసీసాలో ఒకే ఒక్క తెల్ల చామంతి ఉంచి, ముందు ఒక కొవ్వొత్తి వెలిగించారు. అక్కడ ఇళ్లలో హాయి కోసం అలా వెలిగిస్తారట. అందరి ఫోన్లూ మూగబెట్టించారు. "కదలకండి. దీర్ఘంగా ఊపిరి తీసుకోండి. కెమెరా ఇంట్లోని నిశ్శబ్దాన్ని పట్టుకుంటుంది" అన్నారు. అన్నయ్యా వదినా కదలకుండా నేలచూపులు చూస్తూ కూర్చున్నారు. నేను మూలన నిలబడి, ఉద్యోగం ఖాయమైపోయిందనే అనుకున్నాను.

అప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుంది. పాలకొల్లు పిన్నీ బాబాయీ. రాత్రి రైలెక్కి, పొద్దున్న దిగి, వానలో క్యాబు పట్టుకుని వచ్చారు. దిగినప్పటినుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నారు, ఎవరూ ఎత్తలేదు. పిన్ని వంకాయ రంగు పట్టుచీరతో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. నేనిప్పుడు ఆవిడ కళ్లతో చూడగలను. గుమ్మానికి తోరణం లేదు. ముందు ముగ్గు లేదు. గడప కడిగి తడిగా ఉంది. లోపల దీపం ఒక్కటే. బూడిద రంగు బట్టల్లో కొడుకూ కోడలూ పీటల మీద తల వంచుకుని కూర్చున్నారు, పలకరించినా కదలడం లేదు. షెల్ఫులో అక్క ఫోటో, పక్కన తెల్ల పువ్వు.

"అక్కా! ఇల్లైనా కళ్లారా చూసుకోకుండా పోయావా అక్కా!" అని పిన్ని పెట్టిన కేకకు పై అంతస్తు కుక్క మొరిగింది. ఆవిడ పరుగెత్తుకొచ్చి అన్నయ్యను గుండెలకు హత్తుకుంది. వాడు ఆ చేతుల మధ్య నుంచే కళ్లు తిప్పి, కదలనా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. సారు కెమెరా వెనక నుంచి, "కదలకండి, కదలకండి" అని గొణుగుతూనే ఉన్నారు. చేతిలో తడిగుడ్డ ఒకటి, బుర్రలో 'వంకాయ రంగు పాలెట్‌లో లేదు' అన్న ముక్క ఒకటి. అంతకు మించి ఆ నిమిషాన నాలో ఏమీ లేదు.

పెద్దమ్మ గది తలుపు తెరుచుకుంది. నిద్రమొహంతో, ఊడిన ముడి చుట్టుకుంటూ బయటికొచ్చి, "ఏమైందే? ఎవరు పోయారు?" అంది.

పిన్ని ఏడుపు మధ్యలో ఆగిపోయింది. అన్నయ్యను వదిలేసి, అక్క దగ్గరకు వెళ్లి మొహం తడిమి చూసింది. ఆ తర్వాత వచ్చిన కోపం చెప్పలేను. "బతికుండి ఇలా చేస్తావా? ఇలా చేస్తావుటే నువ్వు?" అని పెద్దమ్మ భుజం మీద కొడుతూ మళ్లీ ఏడ్చింది. ఈసారి ఇద్దరూ ఏడ్చారు. పెద్దమ్మ ఎందుకు ఏడ్చిందో నాకప్పుడు తెలియలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. లోపల ఈ కేకలు వినగానే, కన్నీళ్లు తుడుచుకుంటూ లిఫ్టు దగ్గరే నిలబడిపోయిన బాబాయి చుట్టాలందరి వాట్సాప్ గుంపులోకి గద్గద స్వరంతో ఒక సందేశం పంపేశాడు. ఫోన్లకు మళ్లీ గొంతు ఇవ్వగానే ఇల్లు మోగిపోయింది. పెద్దమ్మ బాల్కనీ దగ్గర కుర్చీ వేయించుకుని, "ఇటివ్వండి, నేనే చెబుతాను. మీరు చెబితే నమ్మరు" అని కూర్చుంది. "ఆ, నేనేరా... లేదు, ఇంకా లేదు... బతికే ఉన్నానండీ... భోజనాలున్నాయి, వచ్చెయ్యండి... దండ కొనేశావా? ఫరవాలేదు, తీసుకురా, గుమ్మానికి కడదాం." ఈలోగా వాచ్‌మన్ పైకొచ్చాడు. మా వార్త విని అపార్ట్‌మెంటు సెక్రటరీగారు సాయం చేశారట. "సార్, ఐస్ బాక్స్ అచ్చింది. లిఫ్టుల పడ్తలేదు, మెట్ల మీదికెల్లి తేవాలె. ఇద్దరు మనుషులు కావాలె" అన్నాడు అన్నయ్యతో. పెద్దమ్మ కుర్చీలోంచే, "ఇవాళొద్దులే నాయనా, కాస్త ఆగమను" అంది. వాచ్‌మన్ ఆవిడ వైపూ షెల్ఫులో ఫోటో వైపూ చూసి, మెట్లు దొరకనట్టు తడబడుతూ దిగాడు. (కిందికెళ్లి చూశాను. ఆ పెట్టె రంగు మా పాలెట్‌లోదే.)

చివరి ఫోను, పెద్దమ్మతో కలిసి పనిచేసిన టీచరమ్మది. స్పీకరులో ఉంది. ఎవరు ఎత్తారో చూసుకోకుండానే ఆవిడ మొదలుపెట్టింది. "ఎంత మంచి మనిషండీ! ఇన్నేళ్లు కలిసి పనిచేశాం. ఏ రోజూ ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదండీ. ఏదీ అడక్కుండానే వెళ్లిపోయింది." తను బతికే ఉన్నానని పెద్దమ్మ చెబుతుందని ఎదురుచూశాను. చెప్పలేదు. మొత్తం విని, "నేనే మాట్లాడుతున్నానమ్మా, తర్వాత చేస్తాను" అని మెల్లగా పెట్టేసింది. అవతల ఆవిడ ఏమైపోయిందో తెలియదు. పెద్దమ్మ నా వైపు చూసింది.

"అడిగానే బుజ్జీ. ఒకసారి అడిగాను."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని. సారు అప్పటికే కెమెరా సంచీ సర్దుకుంటూ, "ఆదివారం మళ్లీ తీద్దాం. అప్పటిదాకా ఇంట్లో ఏదీ కదపొద్దు, ఏదీ మార్చొద్దు. మీ ఉద్యోగం ఆదివారం ఫోటోల మీద ఉంది" అని నాకు మాత్రమే వినబడేట్టు చెప్పి వెళ్లిపోయారు. నేను సెల్లారులోకి దిగాను. మేస్త్రీ మొదటి పంక్తిలోనే కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నాడు. "మేస్త్రీ, కనకాంబరం రంగు ఎప్పుడు వేయగలరు?" అన్నాను. ముద్ద ఆపి తలెత్తాడు. "రంగా మేడం? అసలు రంగేనా?" "అసలు రంగే." "బువ్వ తిని అస్త" అన్నాడు. అంత ఉత్సాహంగా అతను మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు. పెరుగు కూడా వేయించుకోకుండా లేచాడు.

ఆదివారం సారు వచ్చారు. హాలు తీశారు, వంటగది తీశారు. పెద్దమ్మ గది తలుపు తోసి గుమ్మంలోనే ఆగిపోయారు. తూర్పు కిటికీలోంచి పొద్దుటి ఎండ గోడ మీద పడి, ఆయన తెల్ల చొక్కా కూడా నారింజ రంగెక్కింది. తలుపు మూసి, "ఈ తలుపు మూసే తీద్దాం" అన్నారు. నా ఉద్యోగం ఖాయం కాలేదు, పోనూ లేదు. 'మీలో ఇంకా నిశ్శబ్దం రావాలి' అని ప్రొబేషన్ పొడిగించారు. ఆ మూసిన తలుపు ఫోటో మాత్రం మా పేజీలో చాలామందికి నచ్చింది. దాని వెనక ఏముందో ఒక్కరూ అడగలేదు.

గోడ బాగుందని పెద్దమ్మ నోటితో అనలేదు. షెల్ఫులోంచి తన నలుపు తెలుపు ఫోటో తెచ్చి, ఆ గోడకు తనే మేకు కొట్టించి తగిలించింది. వెనక్కి జరిగి చూసి, "ఇప్పుడు పూల రంగు తెలుస్తోంది" అంది. వంటింట్లోకెళ్లి కాఫీ పెట్టింది.

పెద్దమ్మ కిందటేడు వానాకాలంలో పోయింది. ఈసారి నిజంగానే. నేను వెళ్లేసరికి హాలు అప్పట్లాగే బూడిద రంగులో ఉంది. గడప కడిగి తడిగా ఉంది, లోపల దీపం ఒక్కటే వెలుగుతోంది. పిన్నీ బాబాయీ మధ్యాహ్నం దిగారు. పిన్ని గుమ్మం దగ్గర ఆగింది, ఏడవలేదు. ముందు నన్ను వెతుక్కుంటూ వచ్చి, నా చెయ్యి పట్టుకుని, గొంతు బాగా తగ్గించి అడిగింది. "నిజమేనా బుజ్జీ? ఫోటోల కోసమేం కాదు కదా?"

ఆ క్షణాన, ఏ దేవుడు అడ్డొచ్చినా సరే, ఫోటోల కోసమే పిన్నీ అని చెప్పాలనిపించింది. చెప్పలేక తలూపాను. "అయితే ఆ గదిలో కూర్చుందాం పద. ఈ హాల్లో నాకు ఏడుపు కూడా రావట్లేదు" అంది. ఆ గోడ కింద ఇద్దరం కూర్చుని ఏడ్చాం. మధ్యలో పిన్ని ఐస్ పెట్టె సంగతి ఎత్తింది. ఏడుస్తూనే నవ్వాం, ఆ తర్వాత నవ్వినందుకు మళ్లీ ఏడ్చాం. బయట ఎండ లేదు, ముసురే. అయినా మా చేతుల మీద కాస్త కనకాంబరం రంగు పడింది. నా చుడీదారు చూసుకున్నాను. మళ్లీ అదే, నానబెట్టిన అటుకుల రంగు. ఉద్యోగం ఎక్కడ పోతుందోనని తడిగుడ్డతో ముగ్గు తుడుచుకుంటూ మోకాళ్ల మీద కూర్చున్న ఆ పిల్ల ఇంకా నాలో ఎక్కడో ఉన్నట్టే ఉంది. కనిపిస్తే తిట్టను పాపం. ఆ గుడ్డ లాక్కుని, కింద పంక్తి లేవకముందే వెళ్లి భోంచెయ్యమంటాను.